షాద్‌నగర్‌లో దిగే వెలుగు లెక్కలు

ఉదయం పదిన్నర ప్రాంతంలో షాద్‌నగర్ ఆవరణలోని పెద్ద డిష్ యాంటెన్నా ఉత్తరం వైపు తిరిగింది. రిసోర్స్‌శాట్ వస్తోందన్నారు ఇంజినీరు. ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్నారెస్సీ)కి ఉపగ్రహాల డేటా ఇక్కడ దిగుతుంది. 817 కిలోమీటర్ల ఎత్తున దక్షిణానికి సాగిపోయే ఉపగ్రహాన్ని యాంటెన్నా కనుమరుగయ్యేదాకా వెంటాడింది. పావుగంటలోపే పని పూర్తయింది.

లోపల ముందుగా ముడి చిత్రం చూపించారు. పొలాలు, చెరువులు పోల్చుకోగలిగాను గానీ, బొమ్మ నిండా నిలువునా సన్నని చారలు. రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరాలో ఒక్కో రంగుకు 6,000 డిటెక్టర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి నేల మీద 23.5 మీటర్ల ముక్కను చూస్తుంది. అన్నీ కలిస్తే 141 కిలోమీటర్ల వెడల్పు. ఉపగ్రహం కదులుతుంటే ఈ వరుస చీపురుతో ఊడ్చినట్టు నేలను గీత తర్వాత గీతగా నమోదు చేస్తుంది. ఒక్కో గీతకు దొరికే వ్యవధి సెకనులో దాదాపు మూడు వందో వంతు.

అన్ని డిటెక్టర్లూ ఒకే వెలుగుకు ఒకేలా స్పందించవు. ఒకటి కాస్త ఎక్కువ చూపిస్తుంది, పక్కది కాస్త తక్కువ. ఆ తేడాయే చార. అందుకే కెమెరాను తయారుచేసే అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో, ప్రయోగానికి ముందే వాటి స్వభావాన్ని కొలిచి పట్టిక కడతారు. ఆ లెక్కతో సరిదిద్దిన బొమ్మను పక్కన పెట్టారు. చారలు పోయాయి, పొలం గట్ల గీతలు తేలాయి.

అందులో వరి మళ్లు ఎర్రగా ఉన్నాయి. పచ్చని ఆకు ఎరుపు వెలుగును పీల్చుకుని, మన కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని బలంగా తిప్పికొడుతుంది. తెర మీద ఆ కాంతికి ఎరుపు రంగు ఇస్తారు. పైరు ఎండితే ఎరుపు వెలిసిపోతుంది. ఎరుపు తగ్గిందంటే పైరు నీరసించిందా, డిటెక్టర్ మందగించిందా? ఆ పట్టికను ప్రయోగం తర్వాత కూడా సరిచూసుకుంటూ ఉంటేనే తేల్చగలం. కరవు అంచనాలకు ఇలాంటి చిత్రాలు కూడా ఆధారం. అంటే ఆ పట్టికలోని అంకెకు ఎండిన చేను యజమాని బతుకుతో సంబంధం ఉంది.

వానాకాలంలో ఈ కెమెరాలకు మబ్బు అడ్డం. 2022 ఫిబ్రవరి 14న నింగికెగిరిన ఈఓఎస్-04 ఉపగ్రహంలోని రాడార్ తానే మైక్రోవేవ్ తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని కొలుస్తుంది. మబ్బూ చీకటీ దానికి అడ్డు కావు. నిలిచిన వరద నీరు నునుపు కాబట్టి తరంగాలు అవతలికి జారిపోతాయి. మునిగిన పొలం బొమ్మలో నల్లగా పడుతుంది. మబ్బుల లెక్క మాత్రం 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఇన్‌శాట్-3డీఎస్ చూసుకుంటుంది. మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకు లేచినట్టు.

లిస్-3 చిత్రాలు భూనిధి పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన వ్యవసాయ కళాశాలల పిల్లలు తమ మండలం బొమ్మ తెరిచి, చేనికి వెళ్లి సరిచూసుకోవడం పాఠంలో భాగం కావాలి. ఆ ఎరుపు వరిదో పత్తిదో నేల మీద నిలబడి చెప్పగలిగే వాళ్లు ఊరూరా ఉంటేనే, ఇంత జాగ్రత్తగా కొలిచిన వెలుగు రైతుకు అక్కరకొస్తుంది.