మోటారు లేని పంపు

నీటి సరఫరా విభాగంలో పనిచేయు మాకు పంపు పీల్పుకు గల హద్దు బాగుగా తెలుసు. నేలపై బిగించిన పంపు సిద్ధాంతరీత్యా పది మీటర్ల లోతునుండి నీటిని పీల్చవలెను. ఆచరణలో ఏడెనిమిది మీటర్లకే ఆయాసపడును. అట్టి మాకు, కాలిఫోర్నియాలో 115 మీటర్ల ఎత్తు దాటిన రెడ్‌వుడ్ వృక్షమొకటి చిటారుకొమ్మవరకు నీరందించుకొనుచున్నదని చదివినప్పుడు, మన పంపులపై కొంత చిన్నచూపు కలిగిన మాట నిజము.

వేళ్ళు కిందనుండి కొంత తోసినను, అసలు బలము ఆకులది. పత్రరంధ్రాలనుండి నీరు ఆవిరి కాగా, ఆ లోటు దారునాళాలలోని సన్నని ధారను పైకి లాగును. నీటి అణువులు గొలుసు కడియాలవలె ఒకదానినొకటి పట్టుకొని ఉండుటచే ధార తెగదు. డబ్లిన్‌కు చెందిన డిక్సన్, జోలీలు 1894లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మన జగదీశ్ చంద్ర బోస్ మాత్రం సజీవ కణాల స్పందనయే రసాన్ని పైకెక్కించునని 1923లో వెలువరించిన గ్రంథంలో వాదించారు. విషద్రావణంతో కాండంలోని కణాలను చంపినను నీరు ఎక్కుట ఆగదని స్ట్రాస్‌బర్గర్ అంతకు మునుపే చూపియుండుటచే, శాస్త్రలోకం డిక్సన్ పక్షమే వహించింది. ఐనను బోసుపై మా గౌరవం తగ్గలేదు.

గాలి పట్టుట మన పంపులకే కాదు, చెట్లకూ ఉన్న జబ్బే. నేల ఎండి ఎండ ముదిరినప్పుడు నాళంలో బుడగ ఏర్పడి ధార తెగును. నాళాల గోడలలోని గుంతల పొరలు ఆ బుడగను పక్క నాళానికి పాకనీయవు. నీరు మరొక దారిన సాగును. మనం వాల్వు కట్టి బైపాసు తెరచినట్లే.

ఖనిజ లవణాల సంగతి వేరు. మట్టిలో పలుచగా ఉన్న నైట్రేట్లను, పొటాషియాన్ని వేరుకణాలు తమ శక్తిని వెచ్చించి లోనికి చేర్చుకొనవలెను. ఆ శక్తి శ్వాసవలన వచ్చును; శ్వాసకు మట్టిలో గాలి ఉండవలెను. మా క్వార్టర్లవద్ద వేపచెట్టు మొదలు చుట్టూ, కార్లు నిలుపుటకని, ఆనుకొని కాంక్రీటు పోసినారు. "నీళ్ళు పోస్తూనే ఉన్నాము గదండీ" అన్నాడు మేస్త్రీ. రెండు వేసవులలో లేతాకులు పసుపెక్కి, పైకొమ్మలు ఎండినవి. సిమెంటు కలిసిన మట్టిలో క్షారం పెరిగి ఇనుము వేరుకు అందదని మాలో ఒకరు చెప్పారు. ఇంతలో చెట్టును కొట్టివేయుటకు కాగితం కదిలినది.

మేము పదకొండు మందిమి సంతకాలు చేసి అర్జీ పెట్టుకొన్నాము. మొదలు చుట్టూ ఒకటిన్నర మీటరు మేర కాంక్రీటు తీయుటకు అనుమతి వచ్చినది గాని కూలీలు రాలేదు. ఒక ఆదివారం గునపాలు పట్టి మేమే పగులగొట్టినాము.

ఈ ఏడు ఉగాదికి దిగువ కొమ్మలు రాగిరంగు చిగురు తొడిగి, పచ్చడికి చాలినంత పువ్వు ఇచ్చినవి. పైకొమ్మలు ఎండినవి ఎండినట్లే ఉన్నవి, వాటిని తీయించెదరట. కాకిగూడున్న కొమ్మను మాత్రం పిల్లలు ఎగిరిపోవువరకు ఉంచుమని అడిగియున్నాము.