అరవై రూపాయల జట్టు

ఏప్రిల్ 8, 2012, ఆదివారం

డబ్బా 1,200. బేగంబజార్ హోల్‌సేల్ వాడు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. లోపల 24 ప్యాకెట్లు, ఒక్కో దాంట్లో 6 ఐపీఎల్ కార్డులు. విడిగా కొనిస్తే చిన్నోడు రోజుకొకటి చింపడం, ధోనీ రాలేదని మూతి ముడవడం, మర్నాడు మళ్లీ చెయ్యి చాపడం. అందుకే ఈసారి బావమరిది చెప్పిన పద్ధతికి ఒప్పుకున్నాను. తొమ్మిది జట్లున్నాయి కనక తొమ్మిది వాటాలు. అందరం డబ్బులేసుకొని డబ్బా కొనాలి. ఎవరు ఏ ప్యాకెట్ విప్పినా సరే, అందులోంచి వచ్చిన కార్డు ఏ జట్టుదైతే ఆ జట్టు వాటాదారుడికే పోవాలి.

వినడానికి చిట్‌ఫండ్ అంత సులువుగా ఉంది. వాటా ధర దగ్గరికొచ్చేసరికి చిట్‌ఫండ్ లాగే గొడవైంది. సమానంగా వేస్తే మనిషికి 133. సచిన్ ఉన్న ముంబైకీ పుణెకీ ఒకటే రేటా అని లేచారు. గంటసేపు బేరమాడి తేల్చింది ఇదీ: ముంబై 250, చెన్నై 220, బెంగళూరు 180, కోల్‌కతా 150, ఢిల్లీ 120, పంజాబ్, రాజస్థాన్ చెరో 80, పుణె 60. మా డెక్కన్ ఛార్జర్స్ కూడా 60.

నిన్న విశాఖలో చెన్నై చేతిలో 74 పరుగుల తేడాతో ఓడకపోయి ఉంటే మాదీ 80 పలికేది. ఓడారు, నాకు ఇరవై మిగిలింది. చిన్నోడికి ముంబైయే కావాలట. ఇంట్లోంచి మొత్తం 310 పోయాయి, అందులో నా జట్టుది 60. మా ఆవిడ లెక్క విని "మంచిగుంది" అని లోపలికి పోయింది.

సాయంత్రం మొజంజాహీ మార్కెట్లో, ఐస్‌క్రీమ్ దుకాణం బయట వేసిన కుర్చీల్లో కూర్చొని విప్పాం. 1935లో నిజాం తన రెండో కొడుకు పేరు మీద కట్టించిన రాతి మార్కెట్ ఇది. పండ్ల మండీ కొత్తపేటకు తరలిపోయి ఏళ్లయినా ఎండాకాలం సాయంత్రం మామిడి వాసన వదల్లేదు, ఇప్పుడది ఐస్‌క్రీమ్ గిన్నెల్లోంచి వస్తోంది. గాలికి గిల్‌క్రిస్ట్ ఎగిరి పక్క టేబుల్ ముసలాయన గిన్నెలో పడ్డాడు. గిల్‌క్రిస్ట్ ఇప్పుడు పంజాబ్ కాబట్టి ఏడవాల్సింది పంజాబ్ వాటాదారుడు. నేనే జేబురుమాలుతో తుడిచి ఇచ్చాను. 2009 కప్పు తెచ్చిన మనిషి కదా.

చెన్నై వాటా డ్రైఫ్రూట్స్ సేఠ్‌ది. ఆయనకు క్రికెట్ అక్కర్లేదు. కార్డు ముందు వైపు కూడా సరిగ్గా చూడడు. "దీనికి రేపు ఎంత వస్తది?" అదొక్కటే ప్రశ్న.

పన్నెండేళ్లుగా పెళ్లికార్డుల దుకాణంలో పనిచేస్తున్నాను. నా కళ్లు బొమ్మ కంటే ముందు బోర్డు మీద పడతాయి. అట్ట బాగుంది, మూలలు గుండ్రంగా బాగా కోశారు. మెరుపు కార్డుల మీద ఫాయిల్ మాత్రం ఒక పక్కకి అర మిల్లీమీటరు జరిగింది. మా దగ్గర అట్లా జరిగితే పెళ్లికూతురు తండ్రి కార్డులు మొహాన కొడతాడు. ఇంకొకటి గమనించాను. అమిత్ మిశ్రా వచ్చిన ప్రతి ప్యాకెట్లో అతని వెనకే ఢిల్లీ అతను ఒకడు వస్తున్నాడు. పెద్ద షీటు మీద ఇద్దరూ పక్కపక్కన అచ్చయి, కోత అయ్యాక అదే వరసలో పేర్చి ఉంటారు. ఈ సంగతి సేఠ్‌కి చెప్పలేదు.

ఏ జట్టుకూ చెందని కార్డులు రెండొచ్చాయి, వాటి మీద ఉత్త కప్పు బొమ్మ. 2009లో గెలిచింది మేము కాబట్టి ఒకటి నాదన్నాను. "గట్లయితే 2008ది రాజస్థాన్‌ది, 2010, 11 చెన్నైవి, పోయినోళ్ల లెక్కలు ఎన్ని దీస్తవ్ బావా?" అన్నాడు బావమరిది. చీటీలేస్తే రెండూ పుణెకి పోయాయి.

నాకు 13 కార్డులు. స్టెయిన్ రెండుసార్లు, సంగక్కర రెండుసార్లు.

ఏప్రిల్ 9, రాత్రి

విశాఖలోనే ముంబైతో ఆట. చివరి బంతికి రోహిత్ శర్మ సిక్స్ కొట్టి గెలిపించాడు. మూడేళ్లు మా దగ్గర పెరిగినవాడే. చిన్నోడు ముంబై కార్డుల్లోంచి రోహిత్‌ని తీసి, టీవీ మీద ఆనించి నిలబెట్టి పడుకున్నాడు. నేనింకా పడుకోలేదు.

ఏప్రిల్ 22, ఆదివారం

పిట్స్‌బర్గ్ నుంచి పెద్దమ్మ కొడుకు ఫోన్. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి పోయొచ్చి, ప్రసాదం పులిహోర తింటూ మాట్లాడాడు. మా డబ్బా కథ చెబితే గంట నవ్వాడు. "మేము చేసేది గూడ గదేరా. ఇక్కడ దాన్ని గ్రూప్ బ్రేక్ అంటరు" అన్నాడు.

అక్కడ బేస్‌బాల్ కార్డులు. 30 జట్లు, 30 వాటాలు. ఒకడు పెట్టెలు కొని కెమెరా ముందు కూర్చొని విప్పుతుంటే దేశం నలుమూలల నుంచి వాటాదార్లు కంప్యూటర్లో చూస్తుంటారట. జట్టును ఎంచుకొని కొనేది ఒక రకం. అందరూ ఒకే ధర కట్టాక చీటీల్లో ఏ జట్టు వస్తే దాన్ని తీసుకునేది ఇంకో రకం. ఎంచుకునే దాంట్లో న్యూయార్క్ యాంకీస్ వాటాకి మంట. అన్న తీసుకునేది ఊరి జట్టు పైరేట్స్‌ని. అది చవక. 1993 నుంచి ఒక్క ఏడాది కూడా ఓటముల కంటే గెలుపులు ఎక్కువ లేవట. పంతొమ్మిదేళ్లు! మనోళ్లు 2008లో 14 ఆటల్లో 2 గెలిచినందుకే నేను తలెత్తుకోలేకపోయాను.

ఆ పైరేట్స్ వాళ్లే 2008లో మన దేశపు కుర్రాళ్లు ఇద్దర్ని, రింకు సింగ్‌నీ దినేశ్ పటేల్‌నీ తీసుకున్నారు. అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకోని పిల్లలు, టీవీ పోటీలో బంతి వేగంగా విసిరినందుకు. అన్న దగ్గర ఇంకా పెద్ద సంగతి ఉంది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన బేస్‌బాల్ కార్డు ఈ ఓడిపోయే జట్టు ఆటగాడిదే, హోనస్ వాగ్నర్. వందేళ్ల కిందట సిగరెట్ పెట్టెలో వచ్చిన బొమ్మ. అతను వద్దనడంతో మధ్యలో అచ్చు ఆపేశారు. పొగాకుతో తన బొమ్మ పిల్లల చేతికి పోవద్దని అన్నాడంటారు కొందరు, డబ్బులివ్వలేదని అన్నాడంటారు ఇంకొందరు. ఎట్లయితేనేం, కొన్నే మిగిలాయి. 2007లో ఒకటి 28 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కన పద్నాలుగు కోట్లు పైనే. బొటనవేలంత అట్టముక్క.

సాయంత్రం మార్కెట్లో సేఠ్ కనబడితే నోరాగక మొత్తం చెప్పేశాను. ఆయన జీడిపప్పు తూస్తున్నవాడు ఆగి, "ఓడే జట్టుదా?" అని రెండుసార్లు అడిగాడు.

మే 20, ఆదివారం

ఉప్పల్‌కి పోయాం, నేనూ చిన్నోడూ. ఎండకి ప్లాస్టిక్ కుర్చీ కాలుతోంది. మనం కొట్టింది 132. బెంగళూరు గెలిస్తే పై నాలుగులో ఉంటుంది. మనకేమో గెలిచినా ఓడినా ఒకటే. అయినా స్టెయిన్ 4 ఓవర్లలో 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ఈ నెల మొదట్లో బెంగళూరులో డివిలియర్స్ ఒకే ఓవర్లో చితక్కొట్టింది ఇతన్నే. ఈరోజు వడ్డీతో కట్టించుకున్నాడు. వాళ్లు 123 దగ్గర ఆగిపోయారు. చెన్నై పైకి పోయింది.

అంటే మా గెలుపుతో సేఠ్ వాటాకి ధర పెరిగింది. ఆయనకి ఫోన్ చేసి చెబితే, "ఏ ఆట?" అన్నాడు.

జులై 15, ఆదివారం

ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు. వాన పడి ఆగింది, సగం దుకాణాల మీద ప్లాస్టిక్ పట్టా అట్లనే ఉంది. పాత స్పోర్ట్‌స్టార్ నడిమి పేజీల పోస్టర్ల కోసం పోతే, ఒక కుప్పలో రబ్బరుబ్యాండ్ వేసిన ట్రంప్ కార్డుల కట్ట కనబడింది. రబ్బరు కరిగి పై కార్డుకి అంటుకుపోయింది. అజహరుద్దీన్. 20 రూపాయలన్నాడు, 15కిచ్చాడు.

1987లో నాకు తొమ్మిదేళ్లు. బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో చిన్న చిన్న క్రికెట్ కార్డులొచ్చేవి, వాటి మీద రన్నులూ వికెట్లూ. నాకు బబుల్‌గమ్ పడేది కాదు, ఊదితే ముక్కుకి అంటుకునేది. నాంపల్లి స్టేషన్ దగ్గర మా గల్లీలో ఐదుగురం పైసలు కలిపి కొని, గమ్ ఒకడికి, కార్డు ఒకడికి పంచుకునేవాళ్లం. ఇప్పుడు బావమరిది కనిపెట్టానంటున్నది మేమప్పుడే చేశాం, పేరు పెట్టలేదు అంతే. నా వాటా హైదరాబాదోళ్లు. అంటే అజహర్, అర్షద్ అయూబ్, శివలాల్ యాదవ్. అదే ఏడాది హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది, 1937–38 తర్వాత మళ్లీ అప్పుడే. కెప్టెన్ ఎం.వి. నరసింహారావు కార్డు కోసం ఎంత వెతికానో! నాకైతే దొరకలేదు.

ఇంటికొచ్చి అజహర్ మీది రబ్బరు గోటితో గీకాను. మొహం మీది రంగు కూడా లేచొచ్చింది. పెట్రోల్‌లో ముంచిన దూదితో తుడవాల్సింది, తొందరపడ్డాను.

సెప్టెంబర్ 14, శుక్రవారం

డెక్కన్ ఛార్జర్స్ రద్దు. రాత్రి టీవీలో కింద పట్టీలో పోయింది. నిన్న జట్టును వేలం వేస్తే ఒక్కటే పాట వచ్చిందట, అది యజమానులకు నచ్చలేదు. ఇవాళ క్రికెట్ బోర్డు జట్టును తీసేసింది. 2008లో 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్న జట్టు.

కోర్టుకి పోతారంటున్నారు. దుకాణంలో ఫాయిల్ మిషన్ భాయ్ వచ్చి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. "క్యా భాయ్, ఘర్ మే సబ్ ఖైరియత్?" అని అడిగాడు, ఎవరో పోయారన్నట్టు.

బీరువాలోంచి డబ్బా తీసి చూసుకున్నాను. ఏప్రిల్ తర్వాత పోగేసినవీ చేరి ఈ సీజన్ డెక్కన్ కార్డులు మొత్తం 17 రకాలు, రెండేసి మూడేసి కలిపి 41. ఇషాంత్‌కి కార్డుంది, దెబ్బ తగిలి ఒక్క ఆటా ఆడలేదు.

సెప్టెంబర్ 29, శనివారం

నిమజ్జనం. అఫ్జల్‌గంజ్ నుంచి లారీలు మార్కెట్ ముందుగా పోతూనే ఉన్నాయి. దుకాణం మూత. ఒక లారీ మీద పిల్లలు ఛార్జర్స్ చొక్కాలు, ఎద్దు బొమ్మవి, వేసుకొని ఎగురుతున్నారు. ఫుట్‌పాత్ మీద 50కి ఒకటి అమ్ముతున్నారు మరి.

అక్టోబర్ 26, శుక్రవారం

కోర్టులూ గడువులూ అయిపోయాయి. నిన్న హైదరాబాద్ జట్టును సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్ల లెక్కన పాడుకున్నారు. పేరింకా పెట్టలేదు. చిన్నోడు అడిగాడు, "నాన్నా, నీ కార్డులు ఇప్పుడు గా జట్టువి అయితయా?" కావన్నాను. "గట్లయితే ఎవరివి?" అన్నాడు. అన్నం తినమన్నాను.

నవంబర్ 11, ఆదివారం

ఎల్లుండి దీపావళి. బేగంబజార్‌లో టపాకాయల పక్కనే, అమ్ముడుపోని ఐపీఎల్ డబ్బాలు 450కి ఇచ్చేస్తున్నారు. బావమరిది ఒకటి తెచ్చాడు. మళ్లీ అదే మార్కెట్, అవే కుర్చీలు, ఈసారి సీతాఫల్ ఐస్‌క్రీమ్.

ముందు ఒక ధర్మసందేహం లేచింది. లేని జట్టుకు వాటా ఎట్లా? ఎనిమిది వాటాలే వేసి, డెక్కన్ కార్డు ఎవరు విప్పితే వాళ్లకే అన్నాడు కోల్‌కతా అతను. గొంతు కొంచెం పెద్దదైంది నాది. కార్డు మీద జట్టు పేరు అచ్చయి ఉన్నప్పుడు వాటా ఉండాల్సిందే అన్నాను. సరే, ఉండనీ, కానీ ఈసారి ధరలు మనం పెట్టొద్దు, వేలం పెడదాం, ఎక్కువొస్తే ఐస్‌క్రీమ్‌కి అన్నాడు బావమరిది.

ముంబై 90కి చిన్నోడికే పోయింది. చెన్నై 70. మిగతావి ముప్పైల్లో, నలభైల్లో. చివరికి డెక్కన్. నేను 20 అన్నాను, పండగ ముందు ఎవరు పాడతారులే అని.

"యాభై" అన్నాడు సేఠ్.

అందరం అటు తిరిగాం. 60 అన్నాను, నా పాత ధర. ఆయన వంద అన్నాడు. 110. ఆయన 150. "సేఠ్ జీ, మీరు చెన్నై కదా?" అంటే, "చెన్నై వచ్చే ఏడాది గూడ వస్తది. ఇది ఇంక అచ్చు గాదు. నువ్వే జెప్పినవ్ గద, గా వాగ్నర్ ముచ్చట?" అన్నాడు. వాగ్నర్‌ని కొద్దిమంది దాచుకోవడం వేరు, ఒక సీజన్‌కి డబ్బాలు డబ్బాలు అచ్చేసి మిగిలిపోయి 450కి తెగనమ్మడం వేరు. ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. 160 అన్నాను. 200 అన్నాడు.

జేబులో డబ్బులున్నాయి. 41 కార్డులు బీరువాలో ఉన్నాయి, 17 రకాలూ. ఇంకో డజను స్టెయిన్‌లతో ఏం చేసుకుంటాను? ఒకటి, రెండు అంటూ బావమరిది నన్నే చూస్తూ మెల్లిగా లెక్కపెట్టాడు. మూడు అన్నాడు.

విప్పడం మొదలైంది. నా చేతిలోని మొదటి ప్యాకెట్లోనే అక్షత్ రెడ్డి. వాటా లేని మనిషిని, తీసి సేఠ్ ముందు పెట్టాను. ఆయన మొదటిసారి కార్డు ముందు వైపు చూశాడు. "ఈయన ఎవరు?"

మన హైదరాబాద్ పిల్లగాడే, ఓపెనింగ్ దిగుతాడన్నాను. తర్వాత ఆశీష్ రెడ్డి వచ్చాడు, అతనూ మన ఊరివాడే. తర్వాత సంగక్కర. సంగక్కర గురించి ఎక్కడ ఆపాలో తెలియలేదు. సేఠ్ ఒక్కో కార్డూ అడుగుతున్నాడు, సరుకు నాణ్యం కనుక్కున్నట్టు. పార్థివ్ పటేల్ కీపర్ కదా, సంగక్కర కూడా కీపరేనంటివి, ఇద్దరెందుకు అన్నాడు. మంచి ప్రశ్నే. ఐదు నిమిషాలు పట్టింది. చిన్నోడు నా ప్యాకెట్లు కూడా తీసుకొని వాడే విప్పేస్తున్నాడు.

పదకొండో కార్డుకి వచ్చేసరికి నా గిన్నెలో సీతాఫలం గింజలూ తెల్లటి నీళ్లూ మిగిలాయి. సేఠ్ కుర్రాణ్ణి పిలిచి ఇంకో గిన్నె తెమ్మన్నాడు, తన లెక్కలో.

"తిందువుగాని. ముందు గీ డుమిని సంగతి చెప్పు."