పెట్రోలు బంకులో నాష్‌విల్

న్యూజెర్సీలో ట్రెంటన్ పొలిమేరలో మేముండే ఇటుకల అపార్ట్‌మెంట్లలో మొదటి చలి రాగానే గోడవారన ఉన్న హీటరు రేకులు టిక్కుటిక్కుమని చప్పుడు చేసేవి. ఎండాకాలమంతా వాటి మీద పేరుకున్న దుమ్ము కాలి ఒక వాసన లేచేది, దాని మీదుగా అమ్మ పెట్టిన ఇంగువ పోపు, ఆ పోపుకే గుక్కపట్టి కూసే పొగ అలారం, అలారం కింద కుర్చీ వేసుకుని తువ్వాలుతో విసురుతూ నిలబడే బాబాయి, ఇదంతా కలిస్తే మా ఇంట్లో ఆదివారం. ఆయనకు ఆదివారం పొద్దున అంటే రాత్రి డ్యూటీ దిగి వచ్చిన వేళ. చేతులు ఎంత రుద్ది కడుక్కున్నా పెట్రోలు వాసన పోయేది కాదు, ఆ చేతులతోనే హార్మోనియం పెట్టె మూత తీసేవాడు.

అమెరికా రాకముందు తెనాలి చుట్టుపక్కల బాబాయి నాటకాల హార్మోనిస్టు. కాంట్రాక్టు నాటకాలంటే కృష్ణుడు ఒక ఊరి నుంచి వస్తాడు, అర్జునుడు ఇంకో ఊరి నుంచి, దుర్యోధనుడు ఆఖరి బస్సు దిగి మొహానికి రంగు పూసుకుంటూనే మైకు దగ్గరికి వస్తాడు. ముందుగా కలిసి ఒక్క రిహార్సల్ ఉండదు. బయానా పుచ్చుకున్నవాళ్లంతా ఆ రాత్రికి ఆ పందిట్లో కలుస్తారు, తెల్లారి విడిపోతారు. ఒకాయనది నాలుగు శ్రుతి, ఇంకొకాయనది ఆరు, మూడో ఆయన రాగాన్ని ఎక్కడిదాకా లాగుతాడో ఆయనకే తెలియదు. అందరి గొంతుల కిందా ఒక నేల పరిచి ఉంచాల్సినవాడు హార్మోనిస్టు. వన్స్‌మోర్ పడితే అది పద్యం పాడినాయనకే పడుతుంది, పక్కన కూర్చుని వేళ్లు నొప్పులు పుట్టేలా వాయించినవాడి వంక ఎవరూ చూడరు. ఈ సంగతి బాబాయి ఫిర్యాదుగా ఏనాడూ చెప్పలేదు. చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగేది, అదే అసలు పని అన్నట్టు.

న్యూజెర్సీలో ఎవరి కారుకు వాళ్లు పెట్రోలు పోసుకోకూడదని 1949 నుంచీ చట్టం ఉంది, ఆ చట్టం పుణ్యాన ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన ఎందరో కొత్తవాళ్లకు రాత్రిపూట పని దొరికేది. రూట్ వన్ మీద బాబాయి పనిచేసిన బంకులో ఒక అద్దాల గది, అందులో కాళ్ల దగ్గర బుల్లి హీటరు, చిల్లర డబ్బాలు, నూనె మరకల గుడ్డలు, బల్ల మీద ముందున్నవాడెవడో వదిలేసిన రేడియో. ఆ రేడియో ముల్లు ఫిలడెల్ఫియా కంట్రీ సంగీతం స్టేషను దగ్గర, 92.5 మీద, అలాగే ఉండిపోయింది. బాబాయి దాన్ని మార్చలేదు. మంచు పడుతూ కార్లు తగ్గిపోయిన రాత్రుల్లో మా నాన్న ఇచ్చి రమ్మన్న పులిహోర డబ్బా పట్టుకుని నేను వెళితే, "ఇదిగో అబ్బాయ్, ఈ తీగ సాగుతున్నది విను, మన గమకం కాదూ ఇది?" అనేవాడు. ఆయన చూపించింది పెడల్ స్టీల్ గిటార్‌ని. అప్పటికి దాని పేరు మా ఇద్దరికీ తెలియదు.

మా కింది వాటాలో నాకంటే రెండు తరగతులు పెద్దవాడొకడుండేవాడు, పొడుగు జుట్టు, చినుగుల జీన్సు, మెడకు ఎప్పుడూ వేలాడే వాక్‌మన్. వీన్ అనే బ్యాండు వాడి ద్వారానే నా చెవిలో పడింది. మా ఊళ్ల పిల్లలకు వీన్ కథ ఇంటి కథలా తెలుసు. డెలావేర్ నదికి అవతలి ఒడ్డున, పెన్సిల్వేనియా వైపు న్యూ హోప్ అనే చిన్న ఊళ్లో, 1984లో, ఎనిమిదో తరగతి టైపింగ్ క్లాసులో కలిసిన ఇద్దరు పిల్లకాయలు ఆరన్ ఫ్రీమన్, మిక్కీ మెల్కియాండో. అన్నదమ్ములు కాకపోయినా జీన్ వీన్, డీన్ వీన్ అని ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు, తమకంటూ బూగ్నిష్ అనే ఒక దేవుడిని కూడా కల్పించుకున్నారు. నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు మీద, డ్రమ్ము మిషను పెట్టుకుని, గొంతుల వేగం పెంచీ తగ్గించీ వింత వింత పాటలు చేశారు. 1991లో వచ్చిన ద పాడ్ ఆల్బమ్ అలా ఒక అద్దె ఇంట్లో పుట్టిందే. మరుసటి ఏడు ఎలెక్ట్రా లాంటి పెద్ద రికార్డుల కంపెనీ వాళ్ల ప్యూర్ గ్వావా తెచ్చినా, అదీ ఆ నాలుగు ట్రాకుల సరుకే. టేపు బుసబుసలో, మూసిన తలుపుల వెనక ఇద్దరే ఇద్దరు చేసుకున్న సంగీతం. కింది వాటా అబ్బాయి నోటుపుస్తకాల అట్టల నిండా బూగ్నిష్ ముఖాలే గీసేవాడు.

మా ఒడ్డున ఉన్న లాంబర్ట్‌విల్ నుంచి న్యూ హోప్‌కు 1904 నాటి ఇనుప వంతెన ఉంది. కార్లు వెళుతుంటే దాని మీద పుట్టే ఒకే శ్రుతి హోరు పాదాల కింద నుంచి మోకాళ్లదాకా ఎక్కేది. ఏప్రిల్‌లో లాంబర్ట్‌విల్‌లో షాడ్ చేపల పండగ చేస్తారు. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదే చేప అది, లోపలంతా సన్నటి ముళ్లు. బాబాయి ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, రాజమండ్రి వైపు నాటకాలకు వెళ్లినప్పుడు వరదల రోజుల్లో తిన్న పులస గురించి వంతెన దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. ఏ ఊళ్లో ఏ నాటకం, ఎవరింట్లో భోజనం, కుండ ముందురోజే దించి ఉంచడం, బెండకాయలు ఎప్పుడు వేస్తారు, అంతా.

1996 వేసవిలో వీన్ కొత్త ఆల్బమ్ వచ్చింది, 12 గోల్డెన్ కంట్రీ గ్రేట్స్. కింది వాటా అబ్బాయి ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్‌లో, పాత అట్టల వాసన వేసే ఆ ఇరుకు వరసల మధ్య కొని తెచ్చాడు. తెరిచి చూస్తే పన్నెండు లేవు, పదే పాటలు. పన్నెండు అంటే పాటలు కాదట, వాయించిన పెద్దవాళ్లట. బెన్ వాన్ అనే మా న్యూజెర్సీ సంగీతకారుడే నిర్మాతగా, ఆ ఇద్దరు కుర్రాళ్లూ నాష్‌విల్ వెళ్లి అక్కడి స్టూడియోల్లో ముప్ఫై నలభై ఏళ్లుగా ఊళ్లోవాళ్లందరి పాటలకూ వాయించిన పెద్దలను పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఎల్విస్ వెనక పాడిన జోర్డనేర్స్, డిలన్ ఆల్బమ్ బ్లాండ్ ఆన్ బ్లాండ్‌కు వాయించిన ఛార్లీ మెకాయ్ హార్మోనికాకు, అదే రికార్డులో పియానో వాయించిన హార్గస్ పిగ్ రాబిన్స్, ఫిడేలుకు బడ్డీ స్పైచర్, స్టీల్ గిటార్‌కు రస్ హిక్స్. కొన్ని పాటల్లో మాటలు పెద్దల ముందు వినదగ్గవి కావు. బాబాయికి ఆ మాటలు అందవు కాబట్టి, ఆ చలికాలం క్యాసెట్‌లోకి ఎక్కించుకుని బంకుకు పట్టుకెళ్లాను.

రేడియో కట్టేసి నా టేపు పెట్టాడు. రెండో పాటకల్లా కుర్చీలో ముందుకు జరిగాడు. ఒక కారు వస్తే బయటికెళ్లి పెట్రోలు పోసి, అద్దం తుడిచి, చేతులు ఊదుకుంటూ వచ్చి, వదిలిన చోటి నుంచి మళ్లీ వెనక్కి తిప్పించాడు. "ఈ పాడేవాడు కుర్రాడు. వాయించేది మాత్రం కుర్రాళ్లు కాదురా" అన్నాడు. నేను పేర్లు చదివాను. రాబిన్స్‌కు చిన్నప్పుడే చూపు పోయిందని, నాష్‌విల్ అంధుల బడిలో చదివేటప్పుడు అత్యవసర మెట్ల మీదుగా దొంగచాటుగా లోపలికి దూరి ఒళ్లంతా మసి చేసుకునేవాడని, అందుకే పిగ్ అన్న పేరు పడిందని చెప్పాను. "మరి కాగితం చూడలేనాయన పాట ఎట్టా పట్టుకుంటాడు?" అని తనే అడిగి, "చెవితోనే, ఇంకెట్టా" అని తనే అనుకున్నాడు.

నాష్‌విల్ వాళ్లకు పాట రాసుకునే తీరు వేరే ఉందని కింది వాటా అబ్బాయి గిటార్ పత్రికలో చదివి చెప్పాడు. అక్షరాలు కాదు, అంకెలు. 1950ల చివర్లో జోర్డనేర్స్‌లోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టాడు, ఛార్లీ మెకాయ్ లాంటి వాళ్లు దాన్ని ఊరంతా అలవాటు చేశారు. ఆధార శ్రుతి ఒకటి, అక్కడి నుంచి నాలుగు, అయిదు అని లెక్క. పాడేవాడి గొంతు ఇవాళ బాగోలేక శ్రుతి దించమంటే కాగితం మార్చనక్కర్లేదు, ఒకటి ఎక్కడుందో మార్చుకుంటే చాలు. ఈ ముక్క బాబాయికి చెప్పిన ఆదివారం ఆయన అన్నం ముందు నుంచి లేచాడు. "ఒకటి స, నాలుగు మ, అయిదు ప! ఒరేయ్, సా ఎక్కడ పెడితే అక్కడే కదా మనమూ!" హార్మోనియం ముందు కూర్చుని ఆ పాటల్లో ఒకదాన్ని నాలుగు శ్రుతిలో, అయిదులో, ఆరున్నరలో వాయించి చూపించాడు, అమ్మ చల్లారిన పప్పు మళ్లీ వెచ్చబెట్టింది.

ఈ ఆల్బమ్‌ను వేళాకోళం అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేనెప్పుడూ ఒప్పుకోను. వేళాకోళమైతే ఆ స్టీల్ గిటార్ అంత ఓపిగ్గా పాడేవాడికి చోటు విడిచి పక్కకు జరిగి నిలబడదు. మనవళ్ల వయసు కుర్రాళ్లు పిచ్చి పాటలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, ఆ పెద్దలు ఎల్విస్‌కు ఎంత శ్రద్ధగా పాడారో వీళ్లకూ అంతే శ్రద్ధగా పాడి, వాయించి, లేచి ఇంటికెళ్లారు. మూసిన తలుపుల వెనక ఇద్దరే పుట్టించుకున్న పాట పరాయివాళ్ల చేతుల్లో పడి ఊపిరి పీల్చుకోవడం అందులో నాకు వినిపిస్తుంది. అది నాకు వినిపించేలా చేసింది, పేరు రాని పని చేసిన ఒక హార్మోనిస్టు.

మరుసటి సంవత్సరం బాబాయి ఊరెళ్లిపోయాడు. చలికి మోకాళ్లు పట్టేస్తున్నాయన్నాడు, నాయనమ్మకు బాగోలేదన్నాడు, నాటకాల రోజులు వస్తున్నాయని మాత్రం అనలేదు కానీ టికెట్టు శివరాత్రికి ముందే తీయించుకున్నాడు. హార్మోనియం బరువని ఇక్కడే వదిలాడు. దాని కుడివైపు చివరి మెట్టు ఇప్పుడు నొక్కితే పైకి లేవదు. జోర్డనేర్స్‌లో గోర్డన్ స్టోకర్ 2013లో పోయాడు, రాబిన్స్ 2022లో. ఆ కబురు చదివిన రోజున ఫోన్ చేద్దామని తెనాలి నంబరు సగం దాకా నొక్కి, ఆగాను.

బాబాయి రాసిన ఏరోగ్రాములు అమ్మ బిస్కెట్ డబ్బాలో దాచింది. అందులో ఒకదాంట్లో, టేపు తెనాలి హార్మోనిస్టులంతా విన్నారని, ఒకాయన వారం రోజులు తిరిగి ఇవ్వలేదని రాశాడు. హరిశ్చంద్ర కాటిసీనులో రెండు పద్యాల మధ్య ఖాళీలో ఆ నోటి హార్మోనియం ఆయన వరస ఒకటి వాయించాడట, కాపరి వేషగాడు తిరిగి చూశాడట, జనంలో ఎవరో వన్స్‌మోర్ అన్నారట, పద్యానికా దీనికా తెలియలేదట. కింద, మడత అంచుల్లో ఇరికించి: "టేపు రెండో పక్క ఖాళీగా ఉంది. ఆ పియానో ఆయన వాయించినవి ఇంకేమన్నా ఉంటే ఎక్కించి పంపు నాన్నా." జార్జ్ జోన్స్ 1959 నాటి వైట్ లైట్నింగ్, ఛార్లీ రిచ్ బిహైండ్ క్లోజ్డ్ డోర్స్, క్రిస్టల్ గేల్ నీలికళ్ల పాట, మిగిలిన టేపులో పట్టినంత బ్లాండ్ ఆన్ బ్లాండ్ ఎక్కించి, అట్ట మీద ఎవరెవరు ఏం వాయించారో తెలుగులో రాసి పంపాను.