పురుగుల లెక్క

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు ఊరికి రాలేదు. కారణం చెబితే మీరు నవ్వుతారు. పురుగులు చచ్చాయో బతికున్నాయో లెక్కపెట్టాలట.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. విషయం ముసలితనం. ఒంట్లో ఏం జరిగితే అది వస్తుంది, కొందరికి ముందుగా, కొందరికి ఆలస్యంగా ఎందుకు వస్తుంది అని. అందుకోసం సీ. ఎలిగెన్స్ అనే పురుగును పెంచుతారు. పొడవు ఒక మిల్లీమీటరు. ఒళ్ళు గాజులా ఉంటుంది, ఆయుష్షు రెండు మూడు వారాలు. రోజూ, లేదా రోజు విడిచి రోజు ప్లేట్లు తీసి, సన్నని ప్లాటినం తీగతో ఒక్కో పురుగునూ తాకి చూడాలి. కదిలితే ఉన్నట్టు. కదలకపోతే లెక్కలోంచి తీసేయాలి. భోగి, కనుమ అని పురుగు ఆగదు కదా!

"ముసిలోళ్ళమవడానికి కూడా సదువుండాలేటే? నన్ను సూస్తే సాలదా?" అంది మా అత్తగారు. కాపురానికొచ్చిన నాటి నుంచి మా నౌపడ ఉప్పు మడుల్లో ఎండలో ఉప్పు లాగిన మనిషి. అరవై రాకుండానే నడుం వంగిపోయింది. ఆవిడ ఈడుదే టెక్కలిలో మా పెద్దమ్మ ఇప్పటికీ డాబా మెట్లు చకచకా ఎక్కుతుంది. ఇదేమిటే అని మేనకోడల్ని అడిగితే, "అదే అత్తా మా ప్రశ్న కూడా" అంది.

మా అన్నయ్యకు మాత్రం ఇవేవీ పట్టలేదు. "ఇరవై ఆరొచ్చాయి. ముసలాళ్ళ చదువు చదువుతూ ఇదే ముసలిదైపోయేలా ఉంది" అనేవాడు. విశాఖలో మంచి సంబంధం వచ్చింది. వాళ్ళు చదువు ఆపేస్తే చాలన్నారు.

ఈ చదువులో చేరేవాళ్ళ కష్టం నాకూ మొదట్లో తెలియలేదు. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, అంతా కలిపి అయిదేళ్ళు. ఇదంతా కాగితం మీద. మరి ఎలుక బతికేదే రెండు మూడేళ్ళు. ఎలుక ముసలితనం చూడాలంటే ఆ అయిదేళ్ళలో సగం దాని పక్కనే కూర్చోవాలి. మధ్యలో ఏదైనా తప్పు జరిగితే మళ్ళీ మొదటికే. అందుకే చాలామంది పురుగుతో మొదలుపెడతారట. అమెరికాలో సింథియా కెన్యన్ అనే ఆవిడ 1993లో ఈ పురుగులో ఒకే ఒక్క జన్యువు మారితే ఆయుష్షు రెట్టింపవుతుందని చూపించింది. అప్పటిదాకా ముసలితనం బండి అరిగిపోవడం లాంటిదే, దాని మీద పరిశోధనేమిటి అనుకున్నవాళ్ళే ఎక్కువట.

కిందటి ఏడు ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. అయిదు నెలలుగా ఫెలోషిప్ డబ్బు రాలేదు. గది అద్దె స్నేహితురాలు కడుతోంది. పైగా ప్లేట్లన్నిటికీ బూజు పట్టి మూడు వారాల పని పోయింది. మనకి ఆవకాయ జాడీకి బూజు పడితేనే ప్రాణం ఉసూరుమంటుంది. "వచ్చేస్తాను అత్తా" అని ఏడ్చింది.

"వచ్చేయమ్మా, ఆ సంబంధం కూడా మంచిదే కదా" అన్నాను.

కాసేపు మాట లేదు. "నువ్వూనా అత్తా?" అని పెట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బీఏ తెలుగు అయ్యాక ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ చేస్తానని నేనూ అడిగాను. మా మేనత్త తల నిమిరి, "ఇక చాల్లేమ్మా" అంది. తిట్టి ఉంటే ఎదిరించేదాన్నేమో. ప్రేమగా అంది, అందుకే నోరు లేవలేదు. సరిగ్గా అదే గొంతుతో నేనిప్పుడు మాట్లాడాను.

ఫ్రిజ్ కోసం పాడుకున్న చీటీ డబ్బు ముప్పై వేలుంది. మా ఆయనకి చెప్పి, రెండు కిలోల జీడిపప్పు కట్టించుకుని, పలాసలో ఫలక్‌నుమా ఎక్కేశాను. ఒంటరిగా హైదరాబాదు వెళ్ళడం అదే మొదలు.

తన ల్యాబ్‌లో మైక్రోస్కోపులో చూపించింది. చిన్న పురుగులు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. పక్క ప్లేటులోవి ఒళ్ళు వదులై, తీగ తాకితే తల మాత్రం కాస్త ఆడించాయి. "ఇది పద్నాలుగు రోజుల ముసలమ్మ" అంది. నాకు మా అత్తగారు మంచం మీద నుంచి లేవడం గుర్తొచ్చింది. గైడ్ మేడం వచ్చి, "నా మొదటి ఏడాదంతా బూజుకే పోయిందండీ. ఇంట్లోవాళ్ళు తిట్టకుండా ఉన్నారు, అదే నా అదృష్టం" అంది.

ఆవిడే ఎమ్.ఎస్. కనుంగో గారి గురించి చెప్పింది. మన దేశంలో ఈ పరిశోధనకు దారి వేసిన పెద్దాయన, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1980లో ముసలితనపు జీవరసాయనం మీద పుస్తకం రాశారు. పుట్టింది బరంపురంలోనట! మనం పట్టుచీరలకి వెళ్ళే బరంపురమే, ఇచ్ఛాపురం దాటితే వచ్చేది. అన్నిసార్లు వెళ్ళాను, ఒక్కరూ చెప్పలేదు.

డబ్బు ఇచ్చినందుకు అన్నయ్య నెలన్నర నాతో మాట్లాడలేదు. విశాఖ సంబంధం తప్పిపోయింది. అది నా వల్లే అని వదిన ఇప్పటికీ అనుకుంటుంది, కాదని నేనూ అనలేను. ఫెలోషిప్ ఆ తర్వాత ఎప్పుడో ఒకేసారి వచ్చింది. ఫ్రిజ్ ఇంకా కొనలేదు.

ఇప్పుడు ఆదివారం పూట మేనకోడలికి ఫోన్ చేస్తే పెళ్ళి మాట ఎత్తను. పురుగుల సంగతే అడుగుతాను. పక్కనే మంచం మీద మా అత్తగారు చెవి రిక్కించి వింటుంటుంది. మొన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "గుంటా, ఇయ్యాల ఎన్ని బతికున్నాయే?" అంది.

"నలభై మూడు, మామ్మా."

"అలాగైతే పర్లేదు" అని ఫోన్ నాకిచ్చేసింది.