పాపకి వేరు కుంపటి

పిన్నీ, కాస్త గోడ దగ్గరికి రండి. పాప పడుకుంది, కుక్కరు కూత పెట్టేలోపు నాలుగు మాటలు చెప్పి పోతా.

అన్నప్రాసన గొడవ మీకు సగమే తెలుసు. ఆడపిల్లకి బేసి నెల అని మా అత్తమ్మ అయిదో నెలలోనే ముహూర్తం అడిగొచ్చింది. అంగన్‌వాడీ టీచరేమో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దంటది. ఇంట్లో రెండు పార్టీలు. చివరికి ఎప్పుడూ నోరెత్తని మామయ్య పేపర్లోంచి తల పైకెత్తి, "ఏడు కూడా బేసే కదా, ఆరు నిండి ఏడు పడ్డాక పెడితే ఎవరి మాట పోయింది?" అన్నారు. శాస్త్రానికి శాస్త్రం, డాక్టరుకి డాక్టరు. రాములోరికి దండం పెట్టుకొచ్చి ఇంట్లోనే కానిచ్చేశాం.

పరమాన్నం ఉంగరంతో నాలిక్కి రాస్తే మొహం చిట్లించి మొత్తం ఉమ్మేసింది. పుస్తకం, పెన్ను, గొలుసు, పూలు అన్నీ వరసగా ముందు పెట్టాం. అవేవీ పట్టకుండా వీడియో తీస్తున్న వాళ్ల నాన్న ఫోను మీదకి దేకింది. ఇక జాతకం ఎవరు చెప్పాలి!

మర్నాటి నుంచి వంటింట్లో కొత్త పేచీ. అత్తమ్మది తేట పార్టీ. పప్పు మీద తేట, గంజి మీద తేట, ఏదైనా పల్చగా ఉంటేనే పసిపిల్లకి అరుగుతుందంటది. నేనూ అదే నిజమనుకునేదాన్నేమో, టీచరు వచ్చి గిన్నె చూడకపోతే. "ఈ పిల్ల పొట్టెంత? అందులో ఇన్ని నీళ్లు పోస్తే తిండికి చోటేదమ్మా?" అంది. చెంచాతో తీసి వంచి చూపించింది. జారీ జారనట్టుండాలట. గరిటజారుగా కూడా కాదు, ఇంకాస్త చిక్కగా. పల్చటి జావ తాగి కడుపు నిండి పడుకుంటుంది, మనకేమో తిన్నదని సంబరం, బరువు మాత్రం పెరగదు. పిల్లలు బక్కచిక్కేది తిండి లేకనే అనుకుంటాం గానీ, ఉన్న తిండిలో నీళ్లెక్కువై చిక్కేవాళ్లూ ఉంటారని నాకిప్పుడు నమ్మకం.

మా అమ్మ మధిర నుంచి వచ్చి ఉగ్గుపిండి చేసిపెట్టింది. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి, మూకుట్లో సన్నసెగ మీద వేయించింది. గింజ తెల్లగా పొంగి, పంటి కింద పుటుక్కుమంటే దించేయాలి. పెసరపప్పు విడిగా, కమ్మటి వాసన రాగానే తీసేయాలి, ఎర్రబడితే చేదు. రెండు పాళ్లు బియ్యానికి ఒక పాలు పప్పు, చిటికెడు జీలకర్ర. మిక్సీ పట్టి జల్లించి సీసాలో పోసింది. పిండిని ముందు చన్నీళ్లలో కలుపుకోవాలి, లేదంటే ఉండలు కట్టి చస్తాం. కుతకుతా ఉడికాక అర చెంచా నెయ్యి. ఉప్పు, పంచదార ఏడాది దాటేదాకా వద్దన్నారు. మొదట్లో నాలుకతో బయటికి తోసేసేది. నచ్చక కాదట, పాలు చప్పరించిన నాలుకకి ముద్ద మింగడం ఇంకా చేతకాదు, అంతే. ఇప్పుడు చెంచా ఆలస్యమైతే నా చెయ్యి పట్టి లాక్కుంటోంది.

బాలామృతం ప్యాకెట్టా? అంగన్‌వాడీ నుంచి వస్తోంది పిన్నీ, ఏడో నెల నుంచి నెలకి రెండున్నర కిలోలు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. హైదరాబాదు నాచారంలో తెలంగాణ ఫుడ్స్ వాళ్లు చేస్తారు. వేయించిన పిండే కాబట్టి వేడినీళ్లలో కలిపితే చాలు. నిజం చెప్పాలంటే నాకు తీపి ఎక్కువనిపిస్తుంది, అది తిన్న పూట రాగిజావ పెడితే మొహం తిప్పేస్తోంది. కానీ పొద్దున్నే కూలికి పోయే తల్లికి పొయ్యి వెలిగించకుండా అయిపోయే తిండి ఇంకేముంది? మా వీధిలో దాన్ని లడ్డూలు చుట్టి పెద్దవాళ్లు తినేస్తారు చూడండి, అదీ నాకు ఒళ్లుమంట.

మొన్న దుమ్ముగూడెం వైపు నుంచి ఇప్పపువ్వు, చింతపండు తెచ్చే కోయ అక్క వచ్చి మా అరుగు మీద కూర్చుంది. పాప కోసం చిన్న గిన్నె, చిన్న చెంచా, చిన్న కుక్కరు వరసగా ఆరబెట్టి ఉంటే చూసి ఒకటే నవ్వు. "అప్పుడే పిల్లకి వేరు కుంపటి పెట్టిన్రా?" అంది. వాళ్లింట్లో తల్లి జొన్నన్నం తింటుంటే ఒళ్లో పిల్ల కూడా అదే కంచంలో మెతుకులు నలిపించుకుని తింటదట. ఆ రోజు నుంచి మా కూరలో ఉప్పు, కారం వేసే ముందే పాపకి రెండు చెంచాలు పక్కకి తీస్తున్నా. చిన్న కుక్కరు అటక మీదకెక్కింది.

తేనె సంగతి మాత్రం నేను వినలేదు. గిరిజన సహకార సంస్థ డిపో నుంచి అంత మంచి అడవితేనె తెచ్చి నాలిక్కి రాద్దామంది అత్తమ్మ. ఏడాదిలోపు పిల్లలకి తేనె వద్దు పిన్నీ. అందులో ఉండే ఒకరకం సూక్ష్మజీవి మన పేగుల్లో ఏమీ చేయదు గానీ పసిపిల్ల పేగుల్లో విషం తయారుచేస్తుంది. అడవిదైనా, బజారుదైనా అంతే.

నీళ్లు కాచి చల్లార్చినవే. 2022 జూలైలో మన ఊరి దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చినప్పటి సంగతి మీరే చెప్పారుగా, చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదని. అందుకే గోదారికి కొత్తనీరు వచ్చే రోజుల్లో నాకు పిల్ల అన్నం కంటే నీళ్ల గురించే బెంగ.

అందరూ అడిగేదొకటే, "పాలు మాన్పించేశావా, వేపాకు రాశావా?" అని. ఎందుకు రాయాలి? అన్నం వచ్చింది పాలకి తోడుగా గానీ పోటీగా కాదు. రెండేళ్ల దాకా, ఆ పైన కూడా ఇవ్వొచ్చంటున్నారు. పూటకి నాలుగు చెంచాల చొప్పున రోజుకి రెండు మూడుసార్లు తింటే ఇప్పటికి బోలెడు. మా మరిది మందుల షాపు నుంచి డబ్బా తిండి తెచ్చాడు గానీ మూత తియ్యలేదు. రెండేళ్లలోపు పిల్లల తిండికి ప్రకటనలివ్వకూడదని 2003లో చట్టాన్నే సవరించారంటే ఊరికే సవరిస్తారా?

అన్నట్టు మీ మునగచెట్టు కొమ్మ ఇటు వంచండి, రెండు రెమ్మలు తుంపుకుంటా. తల్లి కడుపులోంచి తెచ్చుకున్న ఇనుము ఆరు నెలలకి తరిగిపోతుందట. ఆకు మెత్తగా ఉడికించి పప్పులో నలిపి పెడతా. కోడిగుడ్డు కూడా గట్టిగా ఉడికించి కొంచెం కొంచెం మొదలెట్టాం, అత్తమ్మ శనివారం తప్ప అభ్యంతరం చెప్పడం లేదు.

ఇంకోటి. కోప్పడనంటే చెప్తా. నేను బట్టలు ఆరేసుకునేటప్పుడు మీరు టీలో ముంచిన బిస్కెట్టు పాప నోట్లో పెడుతున్నారు. బుగ్గ మీద ముక్క అంటుకునే ఉంది, నేను చూశా. ఆ ప్యాకెట్టు మీరే తినేయండి. ఏంటీ, మీకు షుగరా? అయితే బాబాయిగారికివ్వండి.

అదిగో, లేచింది. కొమ్మ వదిలేయకండి, ఎత్తుకునే వస్తా.