మూడో ట్రంకు

విమానంలో పోయిన సామాను గురించి ఒకరు మొదలుపెట్టారంటే కృష్ణానగర్‌లో ఆ రోజు టీ చల్లారిపోయినట్టే. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కథ ఉంటుంది. హీరోయిన్ ఒక దేశంలో దిగితే ఆమె విగ్గు ఇంకో దేశంలో దిగిన కథ. బెల్టు మీద తమదే అనుకుని ఎవరిదో పెళ్లి చీరల పెట్టె హోటల్‌కి తెచ్చుకున్న కథ. చెప్పేవాళ్లంతా నవ్వుతూనే చెబుతారు. నాదీ చాలాకాలం అలాగే చెప్పాను, సగం దాకా. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. ఫిల్మ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టుకునే చోటు పక్కనున్న గదిలో మా సినిమా బట్టలన్నీ ఉండేవి. వాటి మధ్య మా మాస్టర్, ఆయన కుట్టుమిషను. మాస్టర్‌ది తెనాలి వైపు ఊరు. ఇరవై ఏళ్లు రాకముందే మద్రాసు వెళ్లి, పరిశ్రమతో పాటే హైదరాబాద్ వచ్చేసిన తరం మనిషి. నన్ను 'అమ్మాయ్' అని తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకి పేరు రావడం అరుదు. కాస్ట్యూమ్స్ కృష్ణ గారికి వచ్చిందంటే ఆయన నటుడిగా తెర మీద కనబడ్డారు కాబట్టి. మాస్టర్ పేరు టైటిల్స్‌లో పడే లోపు సగం హాలు లేచి వెళ్లిపోయి ఉంటుంది.

2023 మార్చిలో యూరప్‌లో వారం రోజుల షెడ్యూల్. ఒక ఫైటు. దాని మొదటి సగం ఇక్కడ సెట్లో తీసేశారు. హీరో గోడ దూకుతాడు. అవతల పడేది మాత్రం అక్కడి వీధిలో. అంటే దూకేటప్పుడు ఏ చొక్కా ఉందో పడేటప్పుడూ అదే ఉండాలి. కంటిన్యుటీ అంటే అంతే, కానీ మా ఉద్యోగాలన్నీ దాని మీదే నిలబడతాయి. ఆ చొక్కా సుల్తాన్ బజార్లో 450 రూపాయలకు కొన్న నీలం గళ్లది. కొత్తగా ఉంది కాబట్టి పనికిరాదు. మాస్టర్ దాన్ని టీ డికాక్షన్‌లో ముంచి, కాలరు అంచులు గరుకు కాగితంతో రుద్ది, ఎడమ జేబు కొంచెం చింపి, మూడేళ్లుగా ఒంటి మీదున్న చొక్కాలా చేశారు. ఫైటు కాబట్టి నాలుగు కావాలి. హీరోకి ఒకటి, డూప్‌కి ఒకటి, రక్తం పూసేదొకటి, అవసరానికి ఇంకొకటి. నాలుగూ ఒకేలా పాతబడ్డాయి. నాలుగు కొత్త చొక్కాల్ని ఒకేలా పాతవి చేయడం ఎంత పనో రుద్దినవాళ్లకే తెలుస్తుంది.

ట్రంకులు సర్దింది నేను. నాకు పద్ధతంటే పిచ్చి. పాత్రల వారీగా, సీన్ల వారీగా సర్ది, మూతలోపల లిస్టు అంటించి, ఒక్కో బట్టకీ ఫొటో తీసుకున్నాను. మూడో ట్రంకు మీద 'హీరో - ఫైట్' అని స్కెచ్ పెన్నుతో రాశాను. నాలుగు చొక్కాలూ అందులోనే పెట్టాను. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలనే కదా నాలుగు చేయించింది. ఆ నాలుగింటినీ ఒకే పెట్టెలో పెట్టి తాళం వేశాక అవి నాలుగు కాదు, ఒకటే. ఆ తెలివి ఆ రోజు రాలేదు. లిస్టు ఎంత ముచ్చటగా వచ్చిందో చూసుకుంటున్నాను.

శంషాబాద్‌లో తెల్లవారుజామున ఎక్కాం. ఒక గల్ఫ్ నగరంలో విమానం మారాలి. మధ్యలో ఉన్నది 70 నిమిషాలు. మేం పరిగెత్తి ఎక్కేశాం. పెట్టెలు పరిగెత్తలేవు కదా. ప్రపంచంలో ఏటా దారి తప్పుతున్న సామాను లెక్కలు సీటా అనే సంస్థ వేస్తుంది. అంతకు ముందు ఏడాది, 2022లో, రెండు కోట్ల అరవై లక్షల పెట్టెలకు ఏదో ఒకటి జరిగింది, ప్రతి వెయ్యి మందికీ ఏడెనిమిది చొప్పున. ఆలస్యమైనవాటిలో పదింటికి నాలుగు ఇలా విమానం మారే చోటే ఆగిపోయాయి. ఇదంతా తర్వాత చదివాను. ఆ రోజు మాత్రం బెల్టు ముందు నిలబడి ఒకటో ట్రంకు, రెండో ట్రంకు తీసుకుని మూడోదాని కోసం చూస్తున్నాను. మనుషులు తగ్గిపోయారు. ఎవరిదో పిల్లల స్ట్రోలరు ఒకటే రెండు చుట్లు తిరిగింది. బెల్టు ఆగిపోయింది.

బయటికి రాకముందే సామాను కౌంటర్లో ఫిర్యాదు రాయించాలి. పీఐఆర్ అంటారు. వచ్చేశాక చెబితే మన మాట నిలవడం కష్టం. అక్కడి అమ్మాయి ఒక బొమ్మల చార్టు ముందుకు తోసి, మీ పెట్టె వీటిలో ఏదో చూపించమంది. రంగు అడిగింది. నలుపన్నాను. ఆమె నవ్వలేదు గానీ, నలుపు అని ఆ రోజు ఎంతమంది చెప్పి ఉంటారో ముఖంలో తెలిసిపోయింది. లోపల ఏమున్నాయని అడిగినప్పుడు మాత్రం నేను రెచ్చిపోయాను. నా లిస్టు తీసి వరసగా చెప్పాను. చొక్కాలు నాలుగు, ప్యాంట్లు మూడు, తోలు జాకెట్టు, బూట్లు రెండు జతలు, కుట్టు కిట్టు. పది అక్షరాలూ అంకెలూ ఉన్న నంబరు ఒకటి ఇచ్చింది.

వెనక్కి తిరిగి చూస్తే మాస్టర్ రెండో ట్రంకు మీద కూర్చుని ఉన్నారు. ప్రొడక్షన్ మేనేజర్ నా మీదికి వస్తుంటే లేచి అడ్డొచ్చి, "సర్దింది నేనేనండీ, పొరపాటు నాదే" అన్నారు. ఆయన ఒక్క ట్రంకు కూడా సర్దలేదు.

మొదటి రోజు పాట ముక్కలూ డ్రోన్ షాట్లూ తీసుకున్నారు. డైరెక్టర్ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయం. నేను రోజంతా ఫోన్‌లో ఆ నంబరు కొట్టి చూస్తున్నాను. వెతుకుతున్నాం అనే ఒక్క వాక్యమే వస్తోంది. మాస్టర్ ఊళ్లో బట్టల కొట్లన్నీ తిరిగి నీలం గళ్ల చొక్కాలు రెండు తెచ్చారు. గళ్లు కొంచెం పెద్దవి. హోటల్ గదిలో కెటిల్ నిండా టీ కాచి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గర గరుకు కాగితం అడుక్కుని, రాత్రంతా రుద్దారు. పొద్దున చూసిన కెమెరామన్ దూరపు షాట్లకి చాలు అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను.

మూడో రోజు లొకేషన్లో మాస్టర్ సూదిలోకి దారం ఎక్కించలేకపోయారు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. చీకట్లో కూడా చేతి తడుముడుతో దారం ఎక్కించే మనిషి. "కళ్లు మసగ్గా ఉన్నాయి అమ్మాయ్, నువ్వెక్కించు" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, నిన్నటి నుంచీ ఆయన సీసా మీద సీసా నీళ్లు తాగుతున్నారు. షాటు మధ్యలో కూడా బాత్రూమ్‌కి వెళ్తున్నారు. ఆయనకి షుగరని యూనిట్లో అందరికీ తెలుసు.

"ఇంజెక్షన్ వేసుకున్నారా మాస్టర్?"

"పెట్టెలో ఉందమ్మా."

"ఏ పెట్టె?"

ఆయన సమాధానం చెప్పలేదు. కత్తెర చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు. అందుకని బయల్దేరే ముందు రోజు కుట్టు కిట్టు మొత్తం నాకిచ్చారు. నేను 'కుట్టు కిట్టు - 1' అని రాసుకుని మూడో ట్రంకులో పెట్టాను. అందులో టేపు, సుద్ద, కత్తెరలతో పాటు ఇన్సులిన్ పెన్నులు, మాత్రలు కూడా ఉన్నాయి. నేను జిప్పు తీసి చూడలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. నిజంగా అరిచాను, పక్కన లైట్‌మన్లు చూశారు.

"చొక్కా కోసం మీరంతా అంత హైరానా పడుతుంటే మధ్యలో నా ఇంజెక్షన్ గోలేంటమ్మా. నాలుగు రోజులేగా, నీళ్లు తాగి సరిపెట్టుకుందామనుకున్నా" అన్నారు.

క్లినిక్‌లో చూస్తే షుగర్ నాలుగొందలు దాటింది. ఆయన దగ్గర మందుల చీటీ లేదు. కూకట్‌పల్లిలో ఉన్న వాళ్లబ్బాయికి ఫోన్ చేస్తే, చీటీ వెతికి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. దాన్ని చూసి అక్కడి డాక్టర్ సరిపడే మందు రాసిచ్చింది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పింది. మాస్టర్‌కి ఇంగ్లిష్ రాదు. నేను తెలుగులోకి మార్చేటప్పుడు కొంచెం తగ్గించి చెప్పాను.

పెట్టె తొమ్మిదో రోజున దొరికింది. అప్పటికి మేం వచ్చేశాం. ఒక వ్యాన్ డ్రైవరు ఫిల్మ్‌నగర్ ఆఫీసు గేటు దగ్గర దించి సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. మూత తీస్తే నాలుగు చొక్కాలూ నేను మడిచిన మడత మీదే ఉన్నాయి. ఇన్సులిన్ మాత్రం పారేశాం. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. అది ఎక్కడెక్కడ ఎంత చలిలో తిరిగిందో చూసి చెప్పలేం కదా.

పరిహారం సంగతి కూడా చెప్పాలి. అంతర్జాతీయ ప్రయాణాలకి మాంట్రియల్ ఒప్పందమని ఒకటుంది. సామాను ఆలస్యమైతే, అది చేతికందిన 21 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దెబ్బతిని వస్తే గడువు 7 రోజులే. రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. అప్పట్లో ఒక ప్రయాణికుడికి గరిష్ఠంగా ఇచ్చేది 1,288 ఎస్‌డీఆర్‌లు, మన డబ్బులో సుమారు లక్షా నలభై వేలు. 2024 డిసెంబర్ చివర్లో దాన్ని 1,519కి పెంచారు. అది మనిషికి గానీ పెట్టెకి కాదు. నా ఒక్కదాని పేరు మీద మూడు ట్రంకులు వేశారు మా వాళ్లు. మూడూ పోయినా అంతే వచ్చేది. దేశంలోపల తిరిగే విమానాల్లో అయితే పరిమితి 20,000 రూపాయలు. ఖరీదైనవి ఉంటే చెకిన్‌లోనే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టొచ్చు. కానీ మా చొక్కా విలువ ఎంతని ప్రకటించాలి? బిల్లు 450. ఆ చొక్కా లేకపోతే ఇక్కడ సెట్ మళ్లీ వేయాలి. చివరికి రెండు చొక్కాల బిల్లూ, మందుల బిల్లూ పంపితే కొన్ని నెలలకి ఆ డబ్బు వచ్చింది. మందుల బిల్లు దాచింది నేను కాదు, మాస్టర్. ప్రొడక్షన్ మనిషి కదా, బిల్లు పారేయరు.

2022 డిసెంబర్‌లో రానా దగ్గుబాటి సామాను జాడ తెలియక ట్విట్టర్‌లో కోప్పడితే ఆ విమాన సంస్థ క్షమాపణ చెప్పింది, వార్తలన్నిటిలో వచ్చింది. ఆయన కోపం న్యాయమే. మాకలాంటి వీలు లేదు, మాకున్నది పది అక్షరాల నంబరు.

ఇప్పుడు నేను పాత్రల వారీగా సర్దను. నాలుగు చొక్కాలుంటే నాలుగు పెట్టెల్లోకి వెళ్తాయి. మొదటి రోజు షాటుకి కావాల్సిన జత ఎవరో ఒకరి చేతిసంచిలో ఉంటుంది. లిస్టు చూడ్డానికి అస్సలు బాగోదు, ఏ పెట్టెలో ఏముందో నాకే తికమక. పాత ట్యాగులు చింపేస్తాను, లేకపోతే స్కానరు వాటిలో దేన్ని చదువుతుందో తెలియదు. ప్రతి ట్రంకులో ఒక ఎయిర్‌ట్యాగ్ వేస్తాను. మూడేళ్ల కింద అది ఉన్నా, పెట్టె ఎక్కడుందో నాకు తెలిసేది, వాళ్లు నమ్మేవాళ్లు కాదేమో. ఇప్పుడు కొన్ని సంస్థలు ఆ లొకేషన్ లింకు తీసుకుంటున్నాయి.

తాళం వేసే ముందు గదిలో నిలబడి గట్టిగా అడుగుతాను, "ఎవరి మందులైనా ఇందులో ఉన్నాయా?" అని. మొదట్లో నవ్వేవాళ్లు. మాస్టర్ మాత్రం జేబు తట్టి చూపిస్తారు.

మొన్న ఒక షెడ్యూల్‌కి బయల్దేరేటప్పుడు అలా అడిగితే ఎవరూ పలకలేదు. అందరూ టీకి వెళ్లాక, కొత్తగా చేరిన ఇస్త్రీ కుర్రాడు వెనక్కి వచ్చాడు. రెండో ట్రంకు మళ్లీ తెరవమన్నాడు. బూట్ల కింద నుంచి మడత పెట్టిన క్యారీబ్యాగ్ ఒకటి తీశాడు.

"ఫిట్స్‌వి మేడం. మేనేజర్ సారుకి తెలిస్తే తీసుకెళ్లరు."

అతని చేతిసంచిలో పెట్టించాను. చీటీ ఫొటో నా ఫోన్‌లోకి పంపించుకున్నాను. ఏ మందు, ఎన్ని పూటలు అని అడిగాను. ట్రంకు మూసి తాళం వేశాను. లిస్టులో రాయలేదు.