నడుం నొప్పికి దారి చూపిన కన్ను

రాత్రి మూడు గంటలు. ఇల్లంతా గాఢనిద్రలో ఉంటే అతను మాత్రం డాబా మీద అటూ ఇటూ నడుస్తుంటాడు. పడుకుంటే నడుం పట్టేస్తుంది, నడిస్తే కాస్త సడలుతుంది. తెల్లారాక వంగి చెప్పులు వేసుకోవాలన్నా గంట ఆగాల్సిందే. పదింటికల్లా మళ్లీ మామూలు మనిషే! తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పే ఆ కుర్రాడికి 2011లో ఈ నొప్పి మొదలైంది. అప్పటికి అతని వయసు 24.

'ఈ వయసులో నడుం నొప్పేంట్రా? నీ ఈడులో మేం వడ్ల బస్తాలు మోశాం' అన్నాడు తండ్రి. తల్లి ఆముదం వెచ్చబెట్టి మర్దన చేసింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, 'ఏమీ లేదు, విశ్రాంతి తీసుకో' అన్నారు. మూడు వారాలు చెక్కబల్ల మీద పడుకుంటే నొప్పి తగ్గకపోగా రెట్టింపైంది. ఇంకో డాక్టరు డిస్కు జారిందంటూ బెల్టు ఇచ్చారు. మరొకరు బలానికి సూదులు రాశారు. తర్వాత నాటువైద్యం, ఆకు పసర్లు... మందుల చీటీలతో సంచి నిండింది. నొప్పి బిళ్ల వేసుకున్న రోజు హాయి, మానితే మళ్లీ మొదలు.

అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. పెళ్లి సంబంధం వాళ్లు ఇంటికి వస్తున్నారంటే తల్లి ఆ బెల్టు తీసి బీరువాలో దాచేది. అయినా ఒక సంబంధం తప్పిపోయింది. 'కుర్రాడు మంచోడే గానీ, నడుమే...' అని మధ్యవర్తి నసిగాడు. ఆ రోజు నుంచి అతను నొప్పి గురించి చెప్పడం మానేశాడు. ఎవరడిగినా 'బాగానే ఉంది' అనేవాడు.

2018 వేసవిలో ఒక కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయాడు. కళ్లకలకేమో అనుకుని రెండు రోజులు చుక్కలు వేసుకున్నా తగ్గలేదు. కంటి ఆసుపత్రికి వెళితే, డాక్టరమ్మ కన్ను లోపల వాపు ఉందని చెప్పి ఒక ప్రశ్న వేశారు. 'బాబూ, నీకు నడుం నొప్పి ఉందా?'

అతను తెల్లబోయాడు. 'తెల్లవారుజామున మెలకువ వస్తుందా? పడుకుంటే పెరిగి, తిరిగితే తగ్గుతుందా?' ఏడేళ్లలో ఎవరూ అడగని ప్రశ్నలు! కంటికి మందు రాసిచ్చి, కీళ్లవాత నిపుణుల దగ్గరికి, అంటే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లమన్నారామె.

హైదరాబాద్‌లో ఎమ్మారై తీశారు. వెన్నెముక కటి ఎముకతో కలిసేచోట కీళ్లలో వాపు కనిపించింది. హెచ్ఎల్ఏ-బి27 అనే రక్తపరీక్ష కూడా చేశారు. జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే వెన్ను కీళ్ల మీద దాడిచేయడం దీని లక్షణం. ఏళ్లు గడిస్తే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడం మామూలే. ఈ నొప్పికి విశ్రాంతి మేలు చేయదు, కదలికే మేలు చేస్తుంది. చెక్కబల్ల మీద పడుకున్న మూడు వారాలు ఎందుకంత నరకమయ్యాయో అతనికి అప్పుడు అర్థమైంది.

డాక్టరు పర్యవేక్షణలో వాపు తగ్గించే మాత్రలు, రోజూ వ్యాయామం, ఈత మొదలయ్యాయి. మాత్రలు చాలనివాళ్లకు ఖరీదైన బయలాజిక్ ఇంజెక్షన్లూ ఉన్నాయి. జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. పోయిన ఏడేళ్లు మాత్రం ఊరికే పోలేదు. మెడ మునుపటిలా తిరగదు. బోర్డు మీద లెక్క రాసి పిల్లల వైపు చూడాలంటే ఇప్పటికీ మనిషి మొత్తం తిరగాలి.

బరువులెత్తినప్పుడో, వంగినప్పుడో పట్టే నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. 45 ఏళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటి, నిద్రలో లేపి, నడిస్తే తగ్గే నొప్పి అయితే రుమటాలజిస్టును కలవాలి. కాళ్లు చచ్చుబడినా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. డాక్టరు అడగకపోయినా సరే... ఎప్పుడు నొప్పి, ఎప్పుడు హాయి అన్నది మనమే చెప్పాలి.

2020లో ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి అతను బెల్టు దాచనివ్వలేదు. జబ్బు పేరుతో సహా అంతా అమ్మాయికి తనే చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి, 'అయితే పొద్దున్నే నడవాలన్నమాట. నేనూ వస్తాను' అంది.

ఇప్పుడు తెల్లవారుజామున ఆ డాబా మీద ఇద్దరు నడుస్తున్నారు.